లోపల ఏమున్నాయి టీచర్?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగ్గా వచ్చింది, చోటు చాలకపోతే మధ్యలో చట్టం గురించి రాసింది తగ్గించండి గానీ పిల్లల గురించి రాసింది మాత్రం తీసేయొద్దని నా మనవి.

రెండేళ్ళ క్రితం డిసెంబర్లో మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళాం. 46 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, ఒక ప్రైవేట్ బస్సు, తెల్లవారుజామున నాలుగింటికే లేచి మా ఆయమ్మ కలిపిపెట్టిన పులిహోర. చూడాల్సిన వాటిలో ఒక మ్యూజియం ఉంది, దాన్ని లిస్టులో పెట్టించింది నేనే. శాతవాహనులు, ఇక్ష్వాకులు, అమరావతి శిల్పం అంటూ బోర్డు మీద సుద్దముక్కతో గీసి గీసి చెప్పినవాటిని పిల్లలు ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలనుకున్నాను. కళ్ళారా అన్న మాట అప్పుడు ఏమీ ఆలోచించకుండానే అనుకున్నాను. ఆ మ్యూజియం పేరు ఇక్కడ రాయను. అక్కడి వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పైగా ఆ తర్వాత నేను సొంతంగా వెళ్ళి చూసిన ఇంకో మూడు నాలుగు చోట్ల కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి.

మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉంది. కండరాల జబ్బు వల్ల ఐదో తరగతి నుంచి నడవలేదు, రోజూ వాళ్ళమ్మ వీల్‌చైర్ తోసుకుంటూ బడికి తెచ్చి దించి పొలం పనికి పోతుంది. క్లాసులో చరిత్ర పాఠం చెప్తుంటే అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. ఇంకొక అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్‌లో టీచర్ దగ్గర బ్రెయిలీ నేర్చుకున్నాడు, ఒకసారి వింటే చాలు పాఠం మొత్తం అప్పజెప్పేస్తాడు. ఇద్దరూ వస్తామన్నారు, ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి నేనే ఒప్పించాను. మ్యూజియం వాళ్ళకి ముందుగా ఫోన్ చేసి అడగాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. అది నా తప్పే, దాని బాధ ఇప్పటికీ ఉంది.

బస్సు దిగాక చూస్తే ఎదురుగా మెట్లు. పదకొండు. టికెట్ కౌంటర్ ఆ మెట్ల పైన ఉంది, దివ్యాంగులకు ప్రవేశం ఉచితం అని రాసిన బోర్డు కూడా పైనే ఉంది. ర్యాంపు ఏదండీ అని అడిగితే కాపలా ఆయన కొంచెం మొహమాటపడి, "ఏముంది మేడమ్, నలుగురు మగపిల్లలు కుర్చీతో సహా ఎత్తేస్తే సరిపోతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, తనూ ఒక చెయ్యి వేస్తానన్నాడు. మా తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు అప్పుడే చేతులు మడుస్తున్నారు. ఆ పిల్ల మాత్రం వీల్‌చైర్ చక్రాన్ని గట్టిగా పట్టుకుని, తల వంచుకుని, "వద్దు టీచర్, నేను ఇక్కడే ఉంటా" అంది. పదమూడేళ్ళ ఆడపిల్ల. నలుగురు మగపిల్లలు, దారినపోయే వాళ్ళు చూస్తుండగా తనని మూటలా ఎత్తుకెళ్ళడం ఇష్టం లేదు, అంతే. మళ్ళీ అడిగితే ఏడ్చేస్తుందని తెలిసి నేను అడగలేదు.

గంటన్నర సేపు ఆ పిల్ల చెట్టుకింద మా బ్యాగులకీ, నీళ్ళ బాటిళ్ళకీ, చెప్పులకీ కాపలా ఉంది. తోడుగా ఇంకో టీచరమ్మ ఉండిపోయారు.

లోపల రెండో సంగతి జరిగింది. చూపు లేని అబ్బాయి తన ఫ్రెండ్ భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు. హాల్లోకి అడుగుపెట్టగానే "టీచర్, ఇక్కడ చల్లగా ఉంది, పైకప్పు బాగా ఎత్తు కదా" అన్నాడు, మా అడుగుల చప్పుడు విని కనిపెట్టేశాడు. అద్దాలు లేకుండా నిలబెట్టిన ఒక రాతి శిల్పం దగ్గరికి వచ్చాక ఫ్రెండ్ "ఇక్కడ తామరపువ్వు చెక్కార్రా" అన్నాడు. వీడు చెయ్యి చాచాడు. రెండు వేళ్ళు రాతికి తగిలాయో లేదో, హాలు ఆ చివర నుంచి ఒక కేక, "ఏయ్, చెయ్యి తీయ్!" హాల్లో ఉన్న జనం అంతా ఇటు తిరిగారు. వాడు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుని రెండు చేతులూ నిక్కరు జేబుల్లో పెట్టేసుకున్నాడు. మళ్ళీ బస్సెక్కే దాకా ఆ చేతులు బయటికి తీయలేదు. ఫ్రెండ్ భుజం కూడా పట్టుకోలేదు, చొక్కా అంచు పట్టుకుని ఆ అబ్బాయే వీడిని నడిపించుకొచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి నా పక్క సీట్లో కూర్చుంది. చాలా సేపు కిటికీలోంచి చూసి, చూసి, "లోపల ఏమున్నాయి టీచర్?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెప్తుంటే నాకే తెలిసింది, నేను పిల్లల్ని లెక్కపెట్టుకోవడంలో పడి సగం చూడనేలేదని.

మ్యూజియం అంటే ఎవరికో కొందరికి సరదా, ముందు పెన్షన్, వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్, బస్‌పాస్, ఉద్యోగం, అవి సరిగ్గా రానివ్వండి, బొమ్మలు చూడటం తర్వాత సంగతి అని మా స్టాఫ్ రూమ్‌లోనే ఒక సారు అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు, సదరం క్యాంపులో వీల్‌చైర్‌తో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా లైన్లో ఉన్న తల్లుల్ని నేనూ చూశాను. కానీ అన్నం పెట్టాం కదా, కథ చెప్పకపోతే ఏమైందని ఏ తల్లయినా అనుకుంటుందా? అమరావతి శిల్పాలు వీళ్ళ తాతముత్తాతలు చెక్కినవి, మా జిల్లా నేలలోంచి తీసిన రాయి. మిగతా పిల్లలకి వాటి మీద ఎంత హక్కుందో వీళ్ళకీ అంతే ఉంది.

చట్టం కూడా ఇదే చెప్తోంది. పార్లమెంటు 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే ఇందులో 21 చేర్చారు, మా అమ్మాయి కండరాల జబ్బు కూడా ఆ లిస్టులో ఉంది. 29వ సెక్షన్ మొత్తం సంస్కృతి, వినోదం గురించే. దివ్యాంగులకు కళను అందుబాటులోకి తేవాలని అందులో విడిగా రాశారు, దివ్యాంగుల చరిత్ర చెప్పే మ్యూజియం ఒకటి పెట్టాలని కూడా రాశారు. 45వ సెక్షన్ ప్రకారం అప్పటికే కట్టి ఉన్న, ప్రజలు వచ్చిపోయే భవనాలను, నియమాలు వచ్చిన ఐదేళ్ళలోపు దివ్యాంగులు వాడుకునేలా మార్చాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే 2022 జూన్‌తో ఆ ఐదేళ్ళూ నిండిపోయాయి. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకు అన్నీ అందుబాటులో ఉండేలా పెట్టిన ప్రమాణాలు ఉత్తి సలహాలుగా ఉంటే కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు మూడు నెలల్లో తేవాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి కోర్టుకి రిపోర్టు ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం. ఇంత దగ్గరలో ఇంత తెలిసినవాళ్ళు ఉన్నారు, మన మ్యూజియంల వాళ్ళు వెళ్ళి అడిగితే చెప్పరా?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యం ఉన్నవాళ్ళు 22 లక్షల 66 వేల మంది. వాళ్ళల్లో మ్యూజియంలో కనిపించేవాళ్ళు ఎంతమంది? దివ్యాంగులు ఎవరూ రారు కాబట్టి ర్యాంపు కట్టలేదని ఒక చోట నాతో అన్నారు. మెట్ల దగ్గర నుంచే వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు రిజిస్టర్‌లోకి ఎలా ఎక్కుతారు?

ర్యాంపు గురించి ఒక్క మాట. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మేం చూసిన పదకొండు మెట్లు, మెట్టు ఆరంగుళాలు అనుకుంటే ఐదున్నర అడుగుల ఎత్తు, అంటే 66 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి చదును చోట్లు అదనం. కానీ చాలా చోట్ల మెట్ల పక్కన నాలుగు బస్తాల సిమెంట్ పోసి నిట్టనిలువుగా ఒక జారుడుబల్ల కట్టి ర్యాంపు అంటున్నారు. దాని మీద వీల్‌చైర్ ఎక్కించాలంటే తోసేవాడు వస్తాదు అయ్యుండాలి, దిగేటప్పుడైతే దేవుడే దిక్కు. పాత కట్టడం, ముందుభాగం చెడగొట్టకూడదు అంటే నాకు అర్థమవుతుంది, నేను చరిత్ర చెప్పేదాన్నే. అలాంటప్పుడు సామాన్లు దించే పక్క తలుపు ఉంటుంది కదా, దాని ముందు మెట్లు తక్కువ ఉంటాయి, అక్కడ పెట్టండి. మడిచి దాచుకునే ఇనుప ర్యాంపులు కూడా వచ్చాయి.

మా దగ్గరే ఉన్న నాగార్జునకొండ సంగతి చూడండి. సాగర్ డ్యామ్ నీళ్ళలో మునిగిపోతాయని తెలిసి, 1954 నుంచి ఏళ్ళ తరబడి తవ్వి, వందల ఏళ్ళ నాటి కట్టడాలను రాయి రాయి విడదీసి కొండమీదికీ, అనుపు ఒడ్డుకీ తీసుకెళ్ళి మళ్ళీ పేర్చారు. ఆ ఇటుకలూ ఆ బండలూ ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుని మళ్ళీ నిలబెట్టిన దేశం మనది. ఇప్పుడు నీళ్ళ మధ్య ద్వీపంగా మిగిలిన ఆ కొండమీది మ్యూజియం చూడాలంటే లాంచీ ఎక్కాలి. రాతి స్తూపాన్ని కొండెక్కించినవాళ్ళకి ఒక వీల్‌చైర్‌ని లాంచీలోకి ఎక్కించడం ఎలాగో తోచదంటే నేను నమ్మను. రేవు దగ్గర నీటిమట్టంతో పాటు పైకీ కిందకీ కదిలే వెడల్పాటి బల్లకట్టు, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు, అది చాలు ముందుగా.

అయితే నా అసలు బాధ మెట్ల దగ్గర ఆగిపోలేదు. మెట్లెక్కి లోపలికి వెళ్ళిన అబ్బాయికి ఏం దక్కింది? అదే నా ప్రశ్న. మన దగ్గర ఎవరైనా కాస్త శ్రద్ధ పెట్టి చేసినా ఒక ర్యాంపు, ఒక టాయిలెట్ చేసి పని అయిపోయిందనుకుంటున్నారు (ఆ టాయిలెట్ కూడా నేను తెరిపించి చూసిన ఒకచోట చీపుళ్ళు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలతో నిండి ఉంది). ఆ అబ్బాయిని తలుపు దాటించి శిల్పం ముందు నిలబెట్టాం, శిల్పం మాత్రం అందలేదు. గుడిలోకి తీసుకెళ్ళి గర్భగుడి తలుపు మూసేసినట్టు.

ముట్టుకోవద్దని ఎందుకంటారో నాకు తెలుసు. చేతి చెమట, నూనె రోజూ తగిలితే రాయి మరకలు పట్టి అరుగుతుంది, రెండు వేల ఏళ్ళు నిలిచింది మన తరంలో పోకూడదు. ఒప్పుకుంటాను. అందుకే ప్రపంచంలో చాలా మ్యూజియంలు ఇంకో దారి వెతుక్కున్నాయి. ఇటలీలో అంకోనా అనే ఊళ్ళో గ్రీకు కవి హోమర్ పేరుతో ఒక మ్యూజియం ఉంది, 1993లో మొదలైంది, అక్కడ శిల్పాలన్నీ చేత్తో తడిమి చూడటానికే. దాని కోసం పట్టుబట్టింది చూపు లేని ఒక జంట, ఎక్కడికెళ్ళినా ముట్టుకోవద్దు అనిపించుకుని విసిగిపోయి. స్పెయిన్‌లో ప్రాదో మ్యూజియం 2015లో గొప్ప గొప్ప వర్ణచిత్రాలను గీతలు పైకి ఉబ్బి చేతికి తగిలేలా నకళ్ళు చేయించి, చూపు లేనివాళ్ళని వచ్చి తాకి చూడమంది. అంత దూరం ఎందుకు, ఢిల్లీలో మన నేషనల్ మ్యూజియంలో 'అనుభవ్' అని ఒక గ్యాలరీ పెట్టారు, మ్యూజియంలోని ముఖ్యమైన వస్తువుల నకళ్ళు, బ్రెయిలీలో వివరాలు, వినడానికి ఆడియో. ఢిల్లీలో చేసింది మన జిల్లాల్లో ఎందుకు చేయలేం?

పైగా మనకున్న వసతి తక్కువేమీ కాదు. మా పల్నాడులోనే దుర్గి ఉంది. ఈ రోజుకీ అక్కడ రాయి చెక్కే కుటుంబాలు ఉన్నాయి. అమరావతి శిల్పులు వాడింది పల్నాటి సున్నపురాయే, వీళ్ళు చెక్కేదీ ఇక్కడి రాయే. కర్నూలు వైపు వెళ్తే ఆళ్ళగడ్డ శిల్పులున్నారు. ప్లాస్టిక్‌తో ఏదో బొమ్మ అచ్చుపోయించి తేవాల్సిన అవసరం ఏముంది, అదే రాయితో, అదే కొలతల్లో నకలు చెక్కించి గ్యాలరీకి ఒకటి, అసలు శిల్పం పక్కనే, నడుము ఎత్తులో పెట్టండి. చూపు లేనివాళ్ళు తాకుతారు, చూపున్న పిల్లలూ తాకుతారు, ముట్టుకోవాలన్న కోరిక తీరితే అసలు శిల్పం జోలికి పోరు. చెక్కినవాళ్ళకి నాలుగు నెలలు పని దొరుకుతుంది.

ఇది నేను ఊహించి రాయడం లేదు, చేసి చూశాను. ఆ యాత్ర నుంచి వచ్చాక నాకు మనసు ఆగలేదు. ఒక శిల్పి దగ్గరికి వెళ్ళి నళగిరి ఏనుగు ఫలకం ఫోటో చూపించాను. అసలు ఫలకం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది, అమరావతి స్తూపం నుంచి వెళ్ళిన వాటిలో ఒకటి. గుండ్రటి రాతి పలక, దాంట్లో ఒకే కథ రెండు ఘట్టాలు. దేవదత్తుడు బుద్ధుడిని చంపించాలని మదపుటేనుగుని వీధిలోకి వదిలిస్తాడు, అది జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది, అదే ఏనుగు చివరికి బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ఆ శిల్పి అన్నంపళ్ళెం అంత పలక మీద, మనుషుల్ని కాస్త తగ్గించి, ఏనుగుని మాత్రం రెండు చోట్లా స్పష్టంగా చెక్కి ఇచ్చాడు. పిల్లల కోసం అని చెప్తే రాయి ఖర్చు మాత్రమే తీసుకున్నాడు.

అది తెచ్చి ఆ అబ్బాయి ముందు పెట్టాను. మొదట జేబులోంచి చెయ్యి తీయలేదు. "ఇది మనదే, ఎంతసేపైనా ముట్టుకోవచ్చు" అన్నాక, ముందు అంచు చుట్టూ ఒక్కవేలు తిప్పి గుండ్రంగా ఉందని తెలుసుకున్నాడు. తర్వాత రెండు అరచేతులూ మొత్తం మీద పరిచాడు, మనం బొమ్మని దూరం నుంచి ఒకసారి చూస్తాం చూడండి, అలాగన్నమాట. ఆ తర్వాత మళ్ళీ వేళ్ళతో మొదలుపెట్టాడు. చెవి దొరికింది, చెవి నుంచి తొండం మీదికి, తొండం చివరిదాకా వెళ్ళి ఆగాడు. "టీచర్, మనిషిని పట్టుకుంది" అన్నాడు. వేళ్ళు పక్కకి జరిపాడు, రెండో ఏనుగు దొరికింది, మోకాళ్ళు తడిమాడు, మళ్ళీ మొదటి ఏనుగు దగ్గరికి వచ్చి దాని కాళ్ళు తడిమాడు, రెండిటినీ అలా రెండు మూడు సార్లు పోల్చి, "ఇది ఇందాకటి ఏనుగే, కూలబడింది" అన్నాడు. కథ నేను అప్పటిదాకా చెప్పలేదు. క్లాసులో కళ్ళున్న 40 మందికి ఆ ఫోటో చూపించినప్పుడు రెండూ ఒకటే ఏనుగని ఒక్కళ్ళూ చెప్పలేదు, రెండు ఏనుగులు కొట్టుకుంటున్నాయి అన్నారు.

శిల్పం సరే, రంగులతో వేసిన బొమ్మ చూపు లేనివాళ్ళకెందుకు అని అడిగేవాళ్ళుంటారు. శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ అనే చిత్రకారుడు 1950ల్లో కంటి ఆపరేషన్ తర్వాత పూర్తిగా చూపు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కూడా రంగు కాగితాలు కత్తిరించి అతికించి బొమ్మలు చేశారు, కళాభవన్ గోడ మీద పలకలతో పెద్ద చిత్రం చేశారు. సతీశ్ గుజ్రాల్‌కి ఎనిమిదేళ్ళ వయసులో వినికిడి పోయింది, ఆయన చిత్రకారుడు, శిల్పి, ఢిల్లీలో బెల్జియం ఎంబసీ భవనానికి రూపం ఇచ్చింది ఆయనే. వాళ్ళు చేసినవి మ్యూజియంలలో పెట్టుకుంటాం. వాళ్ళలాంటి పిల్లలు చూడటానికి వస్తే ఏర్పాటు ఉండదు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రాలున్న గ్యాలరీ ఉంది. 1925లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండానే పోయారాయన, తెలుగువాళ్ళ చిత్రకళ అంటే ముందు ఆయన పేరే చెప్పుకోవాలి. ఆ బొమ్మల్లో ఒక్కో దాని గురించి ఒక ఐదు నిమిషాల మాట రికార్డు చేయించడానికి ఎంతవుతుంది? బొమ్మ ఎంత పెద్దది, ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎటు తిరిగి ఉన్నారు, వెలుగు ఏ పక్క నుంచి పడుతోంది, చీర రంగు పండిన మిరపకాయలా ఉందా, ఇటుకపొడిలా ఉందా. మనకి బుర్రకథ, హరికథ చెప్పేవాళ్ళున్నారు, రేడియో నాటకాలు విని పెరిగినవాళ్ళం, మాటతో బొమ్మ కట్టడం మనకి కొత్త కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ఉంది కదా, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. మొహం మీద పల్చటి తడిబట్ట కప్పినట్టు ఉంటుంది, ఆ బట్ట కూడా రాయే. ఆ మొహం ఒక్కటే నకలు చేయించి పెడితే, బట్ట అనుకున్న చోట చల్లటి రాయి వేలికి తగిలినప్పుడు కలిగే ఆశ్చర్యం చూపున్నవాళ్ళ ఆశ్చర్యం కంటే పెద్దది అవుతుందని నా నమ్మకం. అదే మ్యూజియంలో గంటకోసారి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఎదురుగా ఎంతమంది జనం కూర్చుంటారో అందరికీ తెలుసు. వినే ఏర్పాటు ఉంటే జనం అలా ఆగి వింటారు.

వినపడని పిల్లల గురించి కూడా రాయాలి. వాళ్ళు లోపలికి నడిచి వెళ్ళగలరు, అన్నీ చూడగలరు, కాబట్టి వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదనుకుంటాం. గైడ్ గారు చెప్పేది వాళ్ళకి అందదు, ఆడియో యంత్రం పనికిరాదు, ఇక మిగిలేది లేబుల్. మన లేబుళ్ళు ఎలా ఉంటాయి? స్త్రీమూర్తి, సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దం. అయిపోయింది. ఎవరా స్త్రీ, చేతిలో ఏముంది, ఎందుకు అలా వంగింది? ఆ లేబుల్ చదివితే, చెవులు వినపడే నాకే ఏమీ తెలియదు. తేలిక తెలుగులో, పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాయండి, పక్కన క్యూఆర్ కోడ్ పెట్టి సైగల భాషలో వీడియో పెట్టండి. ఆ వీడియోలో చెప్పేవాళ్ళు చిన్నప్పటి నుంచి సైగల భాష వాడేవాళ్ళే అయితే ఇంకా మంచిది. శబ్దం, రద్దీ తట్టుకోలేని ఆటిజం పిల్లలకైతే నెలలో ఒక్క పొద్దున, జనం రాకముందు గంటసేపు తలుపులు తీస్తే చాలు, లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు అప్పుడప్పుడు ఇలా జనం రాకముందే తలుపులు తీస్తున్నారు.

ఇంకో చిన్న సంగతి, డబ్బు ఖర్చే లేనిది. వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషి కళ్ళు నేలకి నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. నేను ఒక మ్యూజియంలో కుర్చీలో కూర్చుని నాణేల అద్దాల పెట్టె వైపు చూశాను. పైన ట్యూబ్‌లైట్ వెలుగు అద్దం మీద పడి నాణేలు ఒక్కటీ కనపడలేదు. పెట్టెని కొంచెం వంచినా, లైటు జరిపినా కనపడతాయి. ఒకసారి క్యురేటర్ గారు, ఇంజనీరు గారు వీల్‌చైర్‌లో కూర్చుని, తర్వాత కళ్ళకి గంతలు కట్టుకుని మ్యూజియం అంతా తిరగాలని నా కోరిక. దానికంటే మంచిది, ఆ పని రోజూ చేసేవాళ్ళని పిలిచి, ఊరికే కాకుండా ఫీజు ఇచ్చి, ఏం మార్చాలో అడగడం. ఏ మార్పయినా కట్టాక పిలిచి రిబ్బన్ కట్ చేయించడం కంటే గీత గీసేముందు పిలవండి.

గార్డులకి రెండు రోజుల ట్రైనింగ్ ఇవ్వండి. ఆ కేక వేసిన ఆయన మీద నాకు కోపం లేదు, ముట్టుకోనివ్వకపోవడమే ఆయన ఉద్యోగం, ఆయనకి ఎవరూ వేరే చెప్పలేదు. తెల్లకర్రతో మనిషి వస్తే "రండి బాబూ, ఇది తాకొచ్చు, అది కుదరదు, దాని గురించి నేను చెప్తాను" అనడం నేర్పితే ఆయనే ఆ మ్యూజియంకి పెద్ద ఆస్తి అవుతాడు. అలాగే ప్రతి మ్యూజియం తన బోర్డు మీద, ఫోన్‌లో, నెట్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: మెట్లు ఎన్ని, ర్యాంపు ఉందా, లిఫ్ట్ పనిచేస్తోందా, టాయిలెట్ తలుపు వెడల్పు ఎంత. లేకపోతే లేదనే చెప్పండి. లేదని ముందే తెలిస్తే ఆ పిల్లని నేను మెట్ల దాకా తీసుకెళ్ళి ఉండేదాన్ని కాదు.

ఈ డిసెంబర్లో మళ్ళీ బస్సు మాట్లాడుతున్నాం. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, మా బడి నుంచి తనకి ఇదే ఆఖరి యాత్ర. పోయినసారి జరిగింది మనసులో పెట్టుకుని రానంటుందేమో అనుకున్నాను, వస్తానంది. ఈసారి ముందుగా ఫోన్లు చేస్తున్నాను. ఒకచోట ఎత్తలేదు, ఒకచోట "రండి మేడమ్, మావాళ్ళు ఎత్తుకుంటారు" అన్నారు, ఒకచోట పెద్దవాళ్ళని అడిగి చెప్తామన్నారు, వారం అయింది. వాళ్ళమ్మ వేలిముద్ర వేసి పంపిన అనుమతి పత్రం నా టేబుల్ మీదే ఉంది. చూడబోయే ప్రదేశం అని ఉన్న చోట ఇంకా ఏమీ రాయలేదు. మీ పాఠకుల్లో మ్యూజియంలలో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ పిల్ల తన వీల్‌చైర్‌లో తనే లోపలికి వెళ్ళగలిగే చోటు, ఆ అబ్బాయి చెయ్యి పెట్టి చూడగలిగే రాయి ఒక్కటైనా ఉన్న చోటు మీ దగ్గర ఉంటే, దయచేసి ఈ పత్రికకి రాయండి. నెలాఖరులోపు బస్సు ఆయనకి రూటు చెప్పాలి.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
పల్నాడు జిల్లా